పెద్దాసుపత్రి దూరం.. దారిలోనే భద్రం!

నెల్లూరు జిల్లా పడమటి మండలాల్లో రోడ్లు మెరుగుపడ్డాయి, బండ్లు పెరిగాయి, వేగమూ పెరిగింది. కానీ తలకు దెబ్బ తగిలితే స్కాన్‌, శస్త్రచికిత్సల కోసం ఇప్పటికీ చాలావరకు నెల్లూరుకు పరుగెత్తాల్సిందే. ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఉండేవారు ప్రమాదం జరిగాక ఏం చేయాలన్న దానికంటే, అసలు జరగకుండా చూసుకోవటం మీదే ఎక్కువ దృష్టి పెట్టాలి.

2025 సెప్టెంబరు 17. ఆసుపత్రిలో ఉన్న బంధువును చూడటానికి ఓ కుటుంబం నెల్లూరు నుంచి ఆత్మకూరు వైపు కారులో బయల్దేరింది. సంగం మండలం పెరమన దగ్గర జాతీయ రహదారి మీద తప్పుడు దిశలో వచ్చిన టిప్పర్‌ ఆ కారును ఢీకొట్టింది. ఏడుగురు చనిపోయారు. వారిలో ఓ చిన్నారి కూడా ఉంది. అంతకు నాలుగేళ్ల ముందు, 2021 డిసెంబరులో, ఆత్మకూరు నుంచి సంగం శివాలయంలో నిద్ర చేయటానికి బయల్దేరిన వారి ఆటోను ఓ వాహనం ఢీకొట్టింది. ఆటో ఎగిరి బీరాపేరు వాగులో పడింది. చీకట్లో, ఆ నీళ్లలో కొట్టుకుపోయినవారి కోసం రాత్రంతా వెతికారు.

ఈ రెండూ జరిగింది ఒకే రోడ్డు మీద, కొద్ది కిలోమీటర్ల తేడాతో. ఇలాంటివి విన్నప్పుడు మన నోటి నుంచి వచ్చే మొదటి మాట ‘వాళ్ల రాత’. బాధలో ఉన్నవారిని ఓదార్చటానికి ఆ మాట పనికొస్తుందేమో గానీ, రేపు అదే దారిలో వెళ్లబోయే మనకు పనికిరాదు. పెరమనలో కారుకు అడ్డొచ్చింది రాత కాదు, రావాల్సిన వైపున కాకుండా ఇంకో వైపున వచ్చిన టిప్పర్‌. కిలోమీటరు దూరం చుట్టుతిరిగి రావటానికి బద్ధకించి అడ్డదారి పట్టే అలవాటు టిప్పర్లకే కాదు, మన స్కూటర్లకూ ఉంది. మందుల షాపు అటువైపు ఉందనో, పెట్రోలు బంకు ఇక్కడే కదా అనో డివైడర్‌ పక్కనే ఎదురు నడిపేస్తుంటాం. ఎదుటివారు మనల్ని ఆ వైపు ఊహించరు. ప్రమాదం అక్కడే ఉంది.

గంటలో ఎక్కడి వరకు వెళ్లగలం?

తీవ్రంగా గాయపడినవారికి మొదటి గంటలో సరైన చికిత్స అందితే బతికే అవకాశాలు బాగా పెరుగుతాయి. దీన్నే వైద్యులు ‘గోల్డెన్‌ అవర్‌’ అంటారు. నెల్లూరు పట్టణంలో ఉండేవారికి ఈ మాట ధైర్యాన్నిస్తుంది. ఉదయగిరిలో ఉండేవారికి? ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు 100 కిలోమీటర్లు. ఆత్మకూరు నుంచి సుమారు 55. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి గానీ 1514లో ఉదయగిరి దుర్గాన్ని పట్టలేకపోయాడని చరిత్ర చెబుతోంది. కొండల నడుమ, అన్నింటికీ దూరంగా ఉండటం కోటకు రక్ష. గాయపడిన మనిషికి మాత్రం అదే శాపం.

లెక్క వేసి చూడండి. సీతారామపురం దారిలో రాత్రి ఎనిమిదింటికి ఎవరో బండి మీద నుంచి పడ్డారనుకోండి. దారినపోయేవారు చూసి ఫోన్‌ చేయాలి. 108 రావాలి. దగ్గరి ఆసుపత్రిలో రక్తస్రావం ఆపి, సెలైన్‌ పెట్టి, నెల్లూరుకు రాసిస్తారు. అక్కడికి చేరేసరికి రెండు గంటలు దాటినా ఆశ్చర్యం లేదు. ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ ఉండకపోవచ్చు. దూరం అంతే.

కాలో చెయ్యో విరిగితే ఆ రెండు గంటలు నొప్పితో గడుస్తాయి. తలకు దెబ్బ తగిలితే అలా కాదు. పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తనాళం తెగితే రక్తం అక్కడే గడ్డకడుతుంది. పుర్రె గట్టి గిన్నె లాంటిది, సాగదు. గడ్డ పెరిగినకొద్దీ మెదడును నొక్కేస్తుంది. ఆ ఒత్తిడి మెదడు కిందిభాగానికి చేరితే ఊపిరి ఆగిపోతుంది. సకాలంలో పుర్రె తెరిచి గడ్డ తీసేయగలిగితే మనిషి లేచి ఇంటికి నడిచి వెళ్లొచ్చు. అంటే ఇక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే, మన దగ్గర లేనిదీ ఆ నిమిషాలే. కాబట్టి పడమటి మండలాల వారికి హెల్మెట్‌ చలానా తప్పించుకునే వస్తువు కాదు. నెల్లూరు ఆసుపత్రి చేయాల్సిన పనిలో సగం అది ముందే చేసి పెడుతుంది.

తలకాయ లోపల ఏం జరుగుతుంది?

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో దాదాపు 44 శాతం మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. ఆ ఏడాది హెల్మెట్‌ లేకుండా చనిపోయినవారు 50,029 మంది. అందులో వెనక కూర్చున్నవారు 14,337 మంది. ఈ చివరి అంకె ప్రతి ఇంట్లోనూ ఒకసారి చదివి వినిపించాల్సింది. ఎందుకంటే మన ఇళ్లలో హెల్మెట్‌ ఒకటే ఉంటుంది. అది నడిపేవారిది. వెనక ఒకవైపుకు కాళ్లు వేసి, ఒడిలో బిడ్డనో సంచినో పెట్టుకుని, పట్టుకోవటానికి సరైన ఆధారం కూడా లేకుండా కూర్చునే ఇల్లాలి తల మీద కొంగు తప్ప ఏమీ ఉండదు. గతుకులో బండి ఎగిరితే ముందు పడేది ఆమే.

మెదడు మెత్తటి పదార్థం. దాదాపు గట్టి పెరుగులా ఉంటుంది. తల రోడ్డుకు తగిలినప్పుడు పుర్రె ఠక్కున ఆగిపోతుంది గానీ లోపలి మెదడు ఆగదు, ముందుకు వెళ్లి పుర్రె గోడకు కొట్టుకుంటుంది. హెల్మెట్‌ లోపల ఉండే దట్టమైన థర్మకోల్‌ పొర నలిగిపోతూ ఆ దెబ్బను కొంత తనలోకి తీసుకుంటుంది. తల ఆగే సమయాన్ని కాస్త పెంచుతుంది. సెకనులో వందో వంతు తేడా అయినా మెదడుకు అది చాలా పెద్ద తేడా. పలు దేశాల అధ్యయనాలను క్రోడీకరించి చూస్తే హెల్మెట్‌ మరణం ముప్పును 42 శాతం, తల గాయాల ముప్పును 69 శాతం తగ్గిస్తున్నట్టు తేలింది.

ఆ థర్మకోల్‌ ఒకసారి నలిగితే మళ్లీ మామూలుగా కాదు. అందుకే ప్రమాదంలో గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్‌ పైకి బాగానే కనిపించినా మార్చేయాల్సిందే. రోడ్డు పక్కన రెండొందలకు దొరికే టోపీల్లో ఈ పొర పలచగా ఉంటుంది, లేదా అసలుండదు. ఐఎస్‌ఐ గుర్తు ఉందో లేదో చూడాలి. 2021 జూన్‌ 1 నుంచి ఆ ప్రమాణం లేని హెల్మెట్లు తయారుచేయటం, అమ్మటం నిషిద్ధం. అయినా అమ్ముతున్నారంటే కొనేది మనమే. కొనేటప్పుడు ఇంట్లోవారి తలకు కాదు, పెట్టుకునేవారి తలకే పెట్టి చూడాలి. తల అటూ ఇటూ ఊపితే హెల్మెట్‌ కదలకూడదు. పట్టీ బిగించాక గడ్డం కింద రెండు వేళ్లు దూరేంత సందు ఉంటే చాలు. పట్టీ పెట్టుకోకపోతే హెల్మెట్‌ మనకంటే ముందే ఎగిరిపోతుంది, పెట్టుకున్న ఫలితం సున్నా.

ఇక సాకుల సంగతి. ఎండాకాలంలో ఈ ప్రాంతపు వేడి తెలియనిది కాదు, మే నెలలో హెల్మెట్‌ పెట్టుకుంటే చెమటతో చిరాకు నిజమే. లోపల పలచటి నూలు గుడ్డ కట్టుకుంటే, గాలి రంధ్రాలున్నది ఎంచుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. జుట్టు ఊడిపోతుందన్నది అపోహ. చెమట, చుండ్రు ఉంటే లోపలి గుడ్డ ఉతుక్కుంటే పోతుంది. ‘ఊళ్లోకేగా’ అన్నది అన్నింటికంటే ప్రమాదకరమైన సాకు. పాల ప్యాకెట్‌ కోసం వెళ్లే సందు మలుపులోనే పక్కింటి గేదె అడ్డొస్తుంది. తల నేలకు కొట్టుకోవటానికి వేగం అవసరం లేదు, నిలబడిన ఎత్తు నుంచి పడినా పుర్రె పగలొచ్చు.

బండి మీద పిల్లలు

ఆదివారం సాయంత్రం ఆత్మకూరు బజారులో నిలబడి చూస్తే ఈ దృశ్యం కనపడని నిమిషం ఉండదు. నాన్న నడుపుతుంటాడు, పెట్రోలు ట్యాంకు మీద చిన్నవాడు, మధ్యలో పెద్దమ్మాయి, చివర అమ్మ. బతుకుదెరువులో కారు కొనలేని కుటుంబానికి ఇంతకంటే మార్గం లేదన్న మాటలో నిజముంది. కానీ ముందు కూర్చున్న పిల్లవాడికి బ్రేకు వేసిన ప్రతిసారీ ఎదురుగా ఉండేది హ్యాండిల్‌. గట్టిగా గుద్దుకుంటే వెనకున్న నాన్న బరువంతా వాడి మీదే పడుతుంది. స్కూటరు ముందు నిలబెట్టిన పిల్లలదీ అదే పరిస్థితి. వీలైతే రెండు విడతలుగా తీసుకెళ్లటం, లేదంటే బస్సు ఎక్కటం. ఆర్టీసీ బస్సు మనం అనుకునే దానికంటే ఎంతో భద్రమైన వాహనం.

నాలుగేళ్లు దాటిన పిల్లలకు హెల్మెట్‌ తప్పనిసరి అని చట్టమే చెబుతోంది. 9 నెలల నుంచి నాలుగేళ్ల లోపువారిని బండి మీద తీసుకెళ్తే నడిపేవారికి బిగించే సేఫ్టీ బెల్టు, పిల్లల సైజు హెల్మెట్‌ ఉండాలి. వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు. ఈ నిబంధన 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. పెద్దల హెల్మెట్‌ పిల్లల తలకు తగిలిస్తే అది కళ్ల మీదికి జారి ఇంకో ప్రమాదం తెస్తుంది.

ఎముకల వైద్యుల దగ్గరికి తరచూ వచ్చే గాయం ఇంకోటుంది. వెనక కూర్చున్న పిల్లల పాదం చక్రం చువ్వల్లో ఇరుక్కోవటం. మడమ వెనక చర్మం, దాని కింది నరం దాకా కోసుకుపోతుంది. అక్కడ కండ తక్కువ కాబట్టి మానటానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి చర్మం అతకాల్సి వస్తుంది. వెనక చక్రానికి రెండు వైపులా గార్డు పెట్టిస్తే అయ్యే ఖర్చు కొన్ని వందలే. చీర కొంగు, చున్నీ చక్రంలో చుట్టుకోవటాన్ని కూడా అది ఆపుతుంది. చున్నీ మెడ చుట్టూ వేసుకుని వెనక వదిలేయకుండా నడుముకు కట్టుకోవటం అమ్మాయిలకు అలవాటు చేయాలి. సైలెన్సర్‌ కాలి పిక్కకు అంటుకుంటే వెంటనే పంపు నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచాలి. టూత్‌పేస్టు, సిరా, నూనె ఏవీ రాయకూడదు.

తొమ్మిదో తరగతి అబ్బాయికి బండి తాళాలు ఇచ్చే తల్లిదండ్రుల గురించి ఒక మాట. ‘మా వాడు బాగా నడుపుతాడు’ అంటారు, గర్వంగా. బండి బ్యాలెన్స్‌ చేయటం పన్నెండేళ్లకే వస్తుంది. ఎదుటి లారీ ఎంత వేగంతో వస్తుందో అంచనా వేయటం, తెగింపును అదుపులో పెట్టుకోవటం మాత్రం అంత తొందరగా రాదు. మెదడులో ఆ పని చూసే ముందుభాగం ఇరవై దాటాక గానీ పూర్తిగా ఎదగదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు నడిపి ప్రమాదం చేస్తే బాధ్యత తల్లిదండ్రులది లేదా బండి యజమానిది. మూడేళ్ల వరకు జైలు, రూ.25 వేల జరిమానా, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్‌ రద్దు. ఆ పిల్లవాడికి పాతికేళ్ల వరకు లైసెన్సు రాదు.

వడ్లు, గొర్రెలు, దీపం లేని ట్రాక్టర్లు

పుస్తకాల్లో ఉండే రోడ్డు భద్రత సూత్రాలు నగరాల కోసం రాసినట్టుంటాయి. సిగ్నళ్లు, జీబ్రా గీతలు, లేన్లు. మన దారుల్లో ఎదురయ్యేవి వేరు.

కోతలయ్యాక పెన్న కింది ఊళ్లలో తారురోడ్డే కళ్లం. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. సాయంత్రం వడ్లు ఎత్తేస్తారు, రాళ్లు మిగిలిపోతాయి. ఇది ఎంత దూరం పోతుందో చెప్పటానికి ఒక్క ఉదాహరణ చాలు. 2014 ఏప్రిల్‌లో ఎన్నికల ప్రచారం ముగించుకుని రాత్రివేళ ఆళ్లగడ్డకు తిరిగి వెళ్తున్న శోభా నాగిరెడ్డి వాహనం, రోడ్డు మీది వడ్ల కుప్పను తప్పించబోయి పల్టీలు కొట్టింది. బెల్టు పెట్టుకోని ఆమె వాహనం నుంచి బయటకు విసిరేసినట్టు పడి తీవ్రంగా గాయపడ్డారు, మర్నాడు కన్నుమూశారు. రైతుకు కళ్లం లేక రోడ్డెక్కుతున్నాడన్నది నిజం. పంచాయతీలు ఆరబోసుకోవటానికి సిమెంటు కళ్లాలు కట్టించాలన్న కోరిక న్యాయమైందే. అప్పటిదాకా కనీసం చీకటి పడేసరికి రాళ్లు తీసి పక్కన పెట్టటం మన చేతిలో పని.

పొద్దు వాలేవేళ గొర్రెల మందలు దొడ్లకు తిరిగొస్తాయి. నెల్లూరు జాతి గొర్రెలకు పేరున్న ప్రాంతం కదా. గొర్రెల తీరు ఒకటి గుర్తుంచుకోవాలి. ఒకటి రోడ్డు దాటితే మిగతావి ఆగవు, ఎదురుగా లారీ వస్తున్నా దాని వెంటే పోతాయి. కాబట్టి రోడ్డు పక్కన ఒక్క గొర్రె కనిపించినా వెనక యాభై ఉన్నాయని అనుకుని ఆగటమే. హారన్‌ కొడితే బెదిరి ఇంకా అడ్డదిడ్డంగా పరుగెడతాయి. గేదెలతో ఇబ్బంది వేరు. నల్లటి తారు మీద నల్లటి గేదె, చీకట్లో. రాత్రిపూట వాటి కళ్లు మెరిసేది అవి మనవైపు చూసినప్పుడే.

ఇక్కడ చిన్న లెక్క పనికొస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళ్తుంది. అడ్డంగా ఏదో ఉందని కన్ను చూసి, మెదడు గ్రహించి, కాలు బ్రేకు మీద పడటానికి ఒకటిన్నర సెకన్లు. ఆలోపే 25 మీటర్లు పోయాం. ఆ తర్వాత పొడి రోడ్డు మీద బండి ఆగటానికి ఇంకో 20. మొత్తం 45 మీటర్లు. లైటు డిప్‌లో ఉన్నప్పుడు దారి స్పష్టంగా కనిపించేది సుమారు 40 మీటర్లే, పాత బండ్లకు అంత కూడా ఉండదు. అంటే డిప్‌లో 60 మీద వెళ్తున్నామంటే, కనిపించాక ఆపలేని వేగంలో వెళ్తున్నట్టే. 40 మీద వెళ్తే 26 మీటర్లలో ఆగుతాం. 80 అయితే 70 మీటర్లు కావాలి. రాత్రి వేగానికి మన ధైర్యం కాదు, మన లైటే కొలత.

దీపం లేని ట్రాక్టరు ట్రక్కు వీటన్నింటికంటే భయంకరమైంది. గడ్డివామంత ఎత్తున లోడు, వెనక ఒక్క ఎర్ర బల్బు కూడా ఉండదు. చెడిపోయి రోడ్డు మీదే ఆగితే వెనక కొమ్మ విరిచి పెట్టటంతో సరి. యజమానులు మెరిసే ఎర్ర స్టిక్కర్లు అంటిస్తే చాలు, వెనకొచ్చే బండి లైటుకు అవి దూరం నుంచే కనిపిస్తాయి. రెండు రొయ్యల వేపుళ్లంత కూడా ఖర్చు కాదు. ఎదురుబండి లైటు కళ్లల్లో కొట్టినప్పుడు కొన్ని సెకన్లు మనకేమీ కనపడదు. వయసు పెరిగేకొద్దీ, శుక్లాలు మొదలైతే ఇంకా ఎక్కువసేపు. రాత్రి దీపాల చుట్టూ వలయాలు కనపడుతున్నాయని పెద్దవారు చెబితే కంటి పరీక్ష చేయించి, ఆ ఫలితం వచ్చేదాకా చీకటి పడ్డాక బండి తీయనివ్వకూడదు.

తెల్లవారుజామున నడకకు వెళ్లేవారు రోడ్డుకు కుడివైపున, ఎదురొచ్చే బండ్లు కనపడేలా నడవాలి. తెల్లటి చొక్కా, తెల్ల చీర మేలు. చెవుల్లో పాటలు పెట్టుకోవద్దు.

వెనక సీటు సోఫా కాదు

కారు కొన్న ఇంట్లో ముందు సీట్లవారు బెల్టు పెట్టుకోవటం అలవాటైంది. పెట్టుకోకపోతే కారే మోగి గోల చేస్తుంది కాబట్టి. వెనక సీటు మాత్రం ఇంటి వరండా లాగే వాడుతున్నాం. కాళ్లు ముడుచుకుని, పిల్లలను ఒడిలో పడుకోబెట్టుకుని. 2022లో బెల్టు పెట్టుకోకుండా చనిపోయిన 16,715 మందిలో సగం మంది ప్రయాణికులే. ఆ ఏడాది సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్‌ మిస్త్రీ చనిపోయింది ఖరీదైన కారులోనే. ఆయన వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్నారు. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ నందమూరి హరికృష్ణ. 2018 ఆగస్టు 29న కావలిలో పెళ్లికి హాజరవటానికి తెల్లవారుజామున హైదరాబాద్‌ నుంచి సొంతంగా కారు నడుపుకొంటూ బయల్దేరారు. నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర కారు డివైడర్‌ను ఢీకొట్టింది. బెల్టు లేకపోవటంతో బయటకు ఎగిరిపడ్డారు.

బెల్టు లేని వెనక సీటు మనిషి తనొక్కడికే ముప్పు కాదు. కారు ఆగినా ఆయన ఆగడు, అదే వేగంతో ముందు సీటు వీపును గుద్దుతాడు. ముందున్న వ్యక్తి బెల్టుకూ ఆ బరువుకూ మధ్య నలిగిపోతాడు. ఒడిలోని బిడ్డను చేతులతో ఆపగలమనుకోవటం భ్రమ. 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకున్నప్పుడు పది కిలోల బిడ్డ మన చేతులకు కొన్ని వందల కిలోల బరువుగా మారతాడు. ఏ తల్లి చేతులూ పట్టలేవు. చిన్నపిల్లలకు వెనక సీట్లో బిగించే కారుసీటు కొనటం దుబారా కాదు. కారు తెరలకూ స్పీకర్లకూ పెట్టే డబ్బుతో అది వచ్చేస్తుంది. ముందుసీట్లో పిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకోవటం మరీ ప్రమాదం. గాలిసంచి తెరుచుకునే వేగానికి పిల్లల మెడ తట్టుకోలేదు.

పెళ్లి రాత్రి పది దాటాక అయిపోయింది, పొద్దున్నే పిల్లల బడి ఉంది, తిరిగి బయల్దేరదాం అంటాం. ఏఎస్‌ పేట దర్గాకో, తిరుమలకో వెళ్లొచ్చేవారూ అంతే. తెల్లవారుజాము రెండు నుంచి ఆరు మధ్య శరీరం నిద్రకు అలవాటు పడిన వేళ. ఎంత అనుభవమున్న డ్రైవరైనా ఆ వేళ కళ్లు తెరిచే కునుకు తీస్తాడు. నాలుగు సెకన్ల కునుకులో, 80 వేగంలో, దాదాపు 90 మీటర్లు ఎవరూ నడపని కారు పరుగెడుతుంది. టీ తాగితే, ముఖం కడుక్కుంటే కాసేపే. బండి ఆపి 20 నిమిషాలు పడుకుంటే మేలు. జలుబుకో, దురదలకో వేసుకునే మాత్రల్లో చాలావాటికి మత్తు ఉంటుంది. అవి వేసుకున్న రోజు స్టీరింగ్‌ ఇంకొకరికి ఇవ్వటం మంచిది. మధుమేహానికి ఇన్సులిన్‌ తీసుకునేవారు భోజనం ఆలస్యమైతే చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, తికమక పడతారు. జేబులో నాలుగు గ్లూకోజు బిళ్లలు ఉంచుకుని బయల్దేరాలి.

పడిపోయినవారు కనిపిస్తే

‘పోలీసు కేసవుతుంది, మనకెందుకు’ అన్న భయం ఇంకా పోలేదు. పోవాల్సిన సమయం మాత్రం ఎప్పుడో దాటింది. సుప్రీంకోర్టు 2016లోనే సహాయం చేసినవారికి రక్షణ కల్పించింది. తర్వాత మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్‌గా అది చేరింది. గాయపడినవారిని ఆసుపత్రిలో చేర్చి, పేరు కూడా చెప్పకుండా వెళ్లిపోవచ్చు. సాక్షిగా రమ్మని బలవంతపెట్టకూడదు, ఆసుపత్రి డబ్బు కట్టమని అడగకూడదు. తీవ్రంగా గాయపడినవారిని మొదటి గంటలో చేర్చినవారికి కేంద్రం రూ.25 వేల పారితోషికం కూడా ప్రకటించింది. 2025 మే నుంచి బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, రూ.1.5 లక్షల దాకా నగదు కట్టకుండా చికిత్స పొందే పథకమూ ఉంది.

108కు ఫోన్‌ చేసేటప్పుడు ‘ఉదయగిరి దాటాక’ అంటే చాలదు. దగ్గర్లోని కిలోమీటరు రాయి మీది అంకె, ఊరి పేరు, గుడో బంకో ఏదైనా గుర్తు చెప్పాలి. గాయపడినవారు ఎంతమందో, స్పృహలో ఉన్నారో లేదో చెప్పాలి. ఈలోపు బండిని వెలుగు పడేలా ఆపి, ఇద్దరిని అటూ ఇటూ నిలబెట్టి వచ్చే బండ్లను నెమ్మది చేయించాలి. సాయానికి వెళ్లినవారినే వెనకొచ్చే లారీ గుద్దేయటం కొత్త కాదు.

తర్వాత చేయకూడనివే ఎక్కువ. గుంపుగా నలుగురు చేరి కాళ్లూ చేతులూ పట్టి ఆటోలో కుక్కొద్దు. మెడ ఎముక విరిగి ఉంటే ఆ ఎత్తటంలోనే వెన్నుపాము తెగి జీవితాంతం మంచానికి పరిమితం కావచ్చు. మంటలో, నీళ్ల ముప్పో ఉంటే తప్ప కదపకుండా, తలను రెండు చేతులతో ఉన్నచోటే నిలకడగా పట్టుకోవాలి. నీళ్లు, సోడా తాగించొద్దు. స్పృహ తక్కువగా ఉంటే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, శస్త్రచికిత్సకూ అడ్డంకే. హెల్మెట్‌ లాగి తీయొద్దు. ఊపిరి ఆడటం లేదనిపిస్తే మాత్రం ఒకరు మెడను, గడ్డాన్ని కింది నుంచి కదలకుండా పట్టుకుంటే, ఇంకొకరు హెల్మెట్‌ను రెండు వైపులా సాగదీసి నెమ్మదిగా తీయాలి. స్పృహ లేకుండా ఊపిరి ఆడుతూ వాంతి చేసుకుంటుంటే తల, ఒళ్లు ఒకేసారి తిరిగేలా పక్కకు ఒత్తిగిలించాలి.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద గట్టిగా నొక్కి పట్టాలి. తడిసిపోతే దాన్ని తీయకుండా దాని మీదే ఇంకోటి పెట్టి నొక్కాలి. తువ్వాలైనా, చీర చెంగైనా పర్లేదు. కాఫీ పొడి, పసుపు, మట్టి వద్దు. గుచ్చుకున్న గాజుముక్కనో ఇనుపచువ్వనో పీకొద్దు, రక్తాన్ని ఆపుతున్నది అదే కావచ్చు. వేలు తెగిపోతే శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి ప్లాస్టిక్‌ సంచిలో పెట్టి, ఆ సంచిని మంచు మీద ఉంచి వెంట తీసుకెళ్లాలి. నేరుగా మంచులో వేస్తే పాడైపోతుంది. విరిగిన కాలికి అట్టముక్కలు రెండు వైపులా పెట్టి కండువాతో కట్టినా నొప్పి తగ్గుతుంది.

చిన్న దెబ్బే అని ఇంటికి వచ్చేసినవారి గురించి చివరగా చెప్పాలి, ఎక్కువ ప్రాణాలు ఇక్కడే జారిపోతుంటాయి. తలకు దెబ్బ తగిలి కాసేపు స్పృహ తప్పి, మళ్లీ లేచి మామూలుగా మాట్లాడుతూ, అన్నం కూడా తిని పడుకున్న మనిషి తెల్లారేసరికి లేవకపోవచ్చు. లోపల గడ్డ నెమ్మదిగా పెరిగి ఉంటుంది. అందుకే ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదు, తొలి 24 గంటలు కనిపెట్టుకుని ఉండాలి. తలనొప్పి పెరుగుతూ పోవటం, మళ్లీ మళ్లీ వాంతులు, మాట తడబడటం, అడిగిందే అడగటం, చేయో కాలో బలహీనపడటం, ఒక కంటిపాప రెండో దానికంటే పెద్దగా కనపడటం, చెవి ముక్కుల నుంచి పలచటి నీరో రక్తమో కారటం, లేపితే లేవనంత మగత, మూర్ఛ.. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారనిద్దామని ఆగకుండా స్కానింగ్‌ ఉన్న ఆసుపత్రికి బయల్దేరాలి. రక్తం పలచబడటానికి మాత్రలు వేసుకునే గుండె జబ్బు పెద్దవారు, మద్యం తాగి పడినవారు అయితే ఈ గుర్తులు కనపడేదాకా కూడా చూడొద్దు. తాగినందువల్ల మత్తుగా ఉన్నాడనుకుని పడుకోబెట్టి, ఉదయం మంచం దగ్గరికి వెళ్లి చూసే ఇళ్లు ఈ వైపు చాలానే ఉన్నాయి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు దెబ్బ ఎన్ని గంటలకు తగిలింది, ఎంతసేపు స్పృహ లేదు, ఎన్నిసార్లు వాంతి అయింది, రోజూ ఏ మాత్రలు వాడతారు అన్నవి ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. వైద్యులు మొదట అడిగేది అవే.